బుడ్డోడి చీటీలో ఏడో నంబరు

శనివారం మధ్యాహ్నం మూడున్నర అయింది. ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వినేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

"నా షూ ఎవరు తీశారు?" అని అరిచాడు అన్నయ్య. వాడికి పద్నాలుగేళ్ళు. ఈ ఏడాది వాడి పాదాలు ఎంత తొందరగా పెరుగుతున్నాయంటే, కొన్న షూ పాతబడకముందే ఇరుకైపోతోంది.

"పడవంత షూని ఎవరు ఎత్తుకెళ్తార్రా? మంచం కింద చూడు," అంది అమ్మ, యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాలుగింటికి డ్యూటీ ఎక్కాలి.

నాన్న అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకుని గుమ్మం దాటుతున్నాడు. లిఫ్టులు బాగుచేయడం నాన్న పని. "కంగారు పడకండి సార్, తలుపు మీద కొట్టకండి, వచ్చేస్తున్నా," అంటున్నాడు. ఎవరో ఎక్కడో లిఫ్టులో ఇరుక్కుపోయారన్నమాట.

వంటింటి గోడకి పెద్ద క్యాలెండర్ ఒకటి ఉంది. ఏడాది మొత్తం దాని మీదే నడుస్తుంది. అమ్మ డ్యూటీలు, అన్నయ్య ఈత పోటీలు, పరీక్షలు, చర్చిలో పాటల ప్రాక్టీసు, ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు పెన్ను. ఈ నెల చివరి ఆదివారం చుట్టూ మాత్రం అందరూ కలిసి అన్ని రంగులతోనూ గీశారు. ఆ రోజు బుడ్డోడి మొదటి సత్ప్రసాదం. ఎనిమిదేళ్ళ బుడ్డోడు తెల్ల చొక్కా వేసుకుని, పూజలో ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదాన్ని, అంటే దీవించిన చిన్న అప్పాన్ని, మొట్టమొదటిసారి తీసుకునే రోజు. అందుకోసం ప్రతి శనివారం నాలుగింటికి చర్చిలో సిస్టర్ క్లాసు చెబుతారు.

వాణ్ణి ఆ క్లాసుకి తీసుకెళ్ళే బాధ్యత అక్కది.

అక్కకి పదకొండేళ్ళు. స్కూల్ ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్. బంతి చేతిలో పడితే ఇక వదలదని జట్టులో అందరూ 'జిగురు' అని పిలుస్తారు. ఆ పేరంటే అక్కకి తన అసలు పేరుకంటే ఎక్కువ ఇష్టం.

"క్లాసు అయ్యేదాకా అక్కడే ఉండి తీసుకురా. దారిలో వాడి చెయ్యి వదలకు," అంది అమ్మ.

"సరే అమ్మా," అంది అక్క.

అమ్మకి తెలియని సంగతి ఒకటుంది. ఇన్నాళ్ళూ శనివారం ఐదింటికి జరిగే ప్రాక్టీసుని కోచ్ మేడమ్ ఈ వారం నుంచి నాలుగింటికి మార్చారు. గురువారమే చెప్పారు. గురువారం, శుక్రవారం, ఇవాళ పొద్దున, అక్క ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. ఎత్తితే "ప్రాక్టీసు మానెయ్" అంటారని భయం. ఇంకో నాలుగు వారాల్లో ఫైనల్ మ్యాచ్ ఉంది. జట్టులోకి కొత్తగా వచ్చిన పొడుగమ్మాయి గోల్ వైపు ఆశగా చూస్తోంది కూడా.

వీధి మలుపులో ఎడమకి తిరిగితే చర్చి. కుడికి తిరిగితే గ్రౌండ్. అక్క కుడికి తిరిగింది.

"అక్కా, చర్చి ఇటు," అన్నాడు బుడ్డోడు.

"తెలుసులే. ఇవాళ ఒక్కరోజుకి ఇటు వెళ్దాం."

"మరి సిస్టర్?"

"ఒక్క వారానికి ఏం కొంప మునగదు. నువ్వు గోల్ వెనకాల కూర్చో. బంతి బయటికొస్తే నువ్వే తెచ్చివ్వాలి, సరేనా? ఇదిగో, బిస్కెట్ ప్యాకెట్. మొత్తం నీకే."

మొత్తం అనగానే బుడ్డోడి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇంట్లో మాత్రం చెప్పకూడదు. ఒట్టెయ్."

"ఒట్లు వెయ్యకూడదట. సిస్టర్ చెప్పారు."

"సరే అయితే, మాటివ్వు."

"మాటిస్తే తప్పకూడదట. అది కూడా సిస్టరే చెప్పారు."

"అందుకేరా బాబూ, ఇవ్వమంటున్నాను!"

బుడ్డోడు కాసేపు ఆలోచించి చెయ్యి చాపాడు. అక్క గట్టిగా పట్టుకుని ఊపింది. ఆ రోజు వాడు బంతులు తేవడానికి గ్రౌండంతా తెగ పరిగెత్తాడు.

మర్నాడు ఆదివారం పిల్లల పూజ అయ్యాక సిస్టర్ అక్కని ఆపారు. "నిన్న తమ్ముడు రాలేదేం?"

"జలుబు, సిస్టర్," అంది అక్క. తన నోట్లోంచి అంత సులువుగా అబద్ధం వస్తుందని ఆమెకే తెలియదు.

ఒక్క వారం అనుకున్నది రెండయింది. రెండు మూడయింది. రెండో ఆదివారం తమ్ముడికి పన్ను నొప్పి. మూడో ఆదివారం సిస్టర్, "ఇలా అయితే ఎలా? మీ అమ్మతో ఒకసారి మాట్లాడాలి," అనేసరికి అక్క గబుక్కున అందుకుంది.

"అమ్మకి డ్యూటీ, సిస్టర్. నేనే ఇంట్లో పాఠాలన్నీ నేర్పిస్తున్నాను. వాడికి అన్నీ వచ్చేశాయి."

"అవునా? మంచి పిల్లవి. నువ్వు ఉన్నావు కాబట్టి నాకు బెంగ లేదు," అన్నారు సిస్టర్, తల మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి ఎప్పుడు తీస్తారా అని చూసింది అక్క.

ఇంట్లోనూ అదే తంతు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ అడిగింది. "నిన్న క్లాసులో ఏం చెప్పార్రా?"

బుడ్డోడు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. అక్క వైపు చూశాడు.

"పది ఆజ్ఞలు, అమ్మా," అంది అక్క.

"పోయిన వారం కూడా అవేనన్నావు?"

"పది ఉన్నాయి కదమ్మా. టైం పడుతుంది."

అన్నయ్య పగలబడి నవ్వాడు. అమ్మ కూడా నవ్వేసింది. బుడ్డోడు మాత్రం నవ్వలేదు. ప్లేటులో బంగాళాదుంప ముక్కని ఫోర్కుతో అటూ ఇటూ తోస్తూ కూర్చున్నాడు.

ఆ వారమంతా వాడు అలాగే ఉన్నాడు. బుధవారం అమ్మ తెల్ల చొక్కా వేసి కొలత చూస్తుంటే, ఉన్నట్టుండి అన్నాడు. "అమ్మా, నేను మొదటి సత్ప్రసాదం వచ్చే ఏడాది తీసుకుంటాను."

అమ్మ నోట్లో గుండుసూదులు ఉన్నాయి. వాటిని తీసి పక్కన పెట్టింది. "ఎందుకురా నాన్నా? నానమ్మ కూడా బయల్దేరుతోంది కదా, నీకోసం."

"కడుపు నొప్పి."

అమ్మ నర్సు కదా, వాణ్ణి పడుకోబెట్టి పొట్టంతా నొక్కి చూసింది. "ఇక్కడా? ఇక్కడా? మరెక్కడ?"

"ఎక్కడో తెలీదు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు బుడ్డోడు.

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న భుజాలెగరేశాడు. అక్క లెక్కల పుస్తకంలో తల దూర్చేసింది. ఆ పేజీలో ఒక్క లెక్కా ఆమె బుర్రకెక్కలేదు.

శనివారం వచ్చింది. పిల్లల మొదటి పాపసంకీర్తనం ఆ రోజే. అంటే ఒక్కొక్కరే ఫాదర్ దగ్గరికి వెళ్ళి, తాము చేసిన తప్పులు తామే చెప్పుకుని, క్షమించమని దేవుణ్ణి అడగడం. ఇది అయితేనే మొదటి సత్ప్రసాదం. పొద్దున పదింటికల్లా ఇంటిల్లిపాదీ చర్చిలో ఉన్నారు. నాన్న ఫోన్ కూడా ఆపేశాడు. అది మామూలు విషయం కాదు.

పన్నెండుమంది పిల్లలు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. మర్చిపోయేవాళ్ళు చీటీ రాసుకోవచ్చని సిస్టర్ చెప్పడంతో అందరి చేతుల్లోనూ చీటీలున్నాయి. ఫాదర్ ఉన్న చిన్న గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒకరు లోపలికి వెళ్తున్నారు, ఒకరు నవ్వుకుంటూ బయటికొస్తున్నారు.

అమ్మానాన్నలతో వెనక కూర్చున్న అక్క ఒక సంగతి గమనించింది. బుడ్డోడి వంతు వచ్చినప్పుడల్లా వాడు పక్కవాడితో, "నువ్వెళ్ళు, నేను తర్వాత వెళ్తా," అంటున్నాడు. అలా నలుగురిని ముందుకి పంపేశాడు. అక్క మెల్లగా వెళ్ళి వాడి పక్కన కూర్చుంది.

"ఏమైందిరా? భయమా?"

బుడ్డోడు చీటీ చేతికిచ్చాడు. అన్నీ నంబర్లు వేసి రాసుకున్నాడు. బిస్కెట్లు అడక్కుండా తిన్నాను, చాలాసార్లు. అన్నయ్య షూలో నీళ్ళు పోశాను, ఒకసారి. అక్కని దెయ్యం అన్నాను, పదకొండుసార్లు. ఇలా ఆరు ఉన్నాయి. కింద ఏడో నంబరు వేసి ఉంది. దాని ఎదురుగా ఏమీ లేదు. రాసి, తుడిచి, రాసి, తుడిచి అక్కడ కాగితం పల్చబడిపోయింది.

"ఇదేంటి, ఖాళీగా వదిలేశావు?"

"అది గ్రౌండుది," అన్నాడు వాడు గుసగుసగా. "చెబితే నీకిచ్చిన మాట తప్పినట్టు. చెప్పకపోతే దాచినట్టు. ఎలా చూసినా తప్పే అక్కా. అందుకే వచ్చే ఏడాది వెళ్తానన్నాను. అప్పటికి నువ్వు ఆ మాట మర్చిపోతావు కదా, అప్పుడు చెప్పొచ్చని."

వీడు కడుపు నొప్పని పడుకున్నది ఇందుకా? తనని కాపాడడానికి వాడి పండగలాంటి రోజునే వదులుకుందామనుకున్నాడా, ఇంత లేడు?

"నీ మాట నీకు తిరిగిచ్చేశానురా. చెప్పేసుకో. ఏం పర్లేదు."

బుడ్డోడు తల అడ్డంగా ఊపాడు. "ఇంకోటి కూడా ఉంది. చివర్లో ఒక ప్రార్థన చెప్పాలట. అందరికీ వచ్చు. నాకు రాదు. అది నేర్పించిన రోజు నేను బంతులు ఏరుతున్నాను."

వాడి కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. గది తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఇక బెంచీ మీద మిగిలింది వాళ్ళిద్దరే.

అక్క లేచింది. వెనక అమ్మ, నాన్న, వాళ్ళ పక్కనే సిస్టర్. పది అడుగుల దూరం.

"సిస్టర్, వాడికి ప్రార్థన రాదు," అంది. "జలుబూ లేదు, పన్ను నొప్పీ లేదు. మూడు వారాలూ నేనే వాణ్ణి క్లాసుకి తేకుండా గ్రౌండ్‌కి తీసుకెళ్ళాను. నేను ఇంట్లో ఏమీ నేర్పించలేదు. చెప్పొద్దని వాడి దగ్గర మాట తీసుకున్నాను. వాడి తప్పు ఒక్కటి కూడా లేదు."

ఒక్క గుక్కలో చెప్పేసింది. ఎక్కడైనా ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు.

అమ్మ ముఖం చిన్నబోయింది.

"మూడు వారాలా?"

"మూడు వారాలు."

"మరి ఆ పది ఆజ్ఞలు?"

"నాకు గుర్తున్నవి అవేనమ్మా."

ఇంకో రోజైతే నాన్న ఈ మాటకి నవ్వేవాడే. ఇవాళ నవ్వలేదు. "ప్రాక్టీసు టైం మారిందని ఒక్క ముక్క చెబితే సరిపోయేది కదమ్మా. నేనో, అన్నయ్యో వాణ్ణి తీసుకొచ్చేవాళ్ళం," అన్నాడు.

"మానెయ్యమంటారనుకున్నాను."

"అడిగావా?" అంది అమ్మ. కోప్పడుతుందనుకుంటే ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. కోప్పడినా బాగుండేది. అక్కకి ఏడుపు ఆగలేదు.

సిస్టర్ బుడ్డోణ్ణి దగ్గరికి పిలిచి కన్నీళ్ళు తుడిచారు. తర్వాత చెప్పారు. "పాఠం వినకుండా వీణ్ణి ఇవాళ పంపలేను. జ్వరం వచ్చి ఇవాళ రాని పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళని వచ్చే శనివారం పొద్దున ఫాదర్ దగ్గరికి పంపుతాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ సాయంత్రం నాలుగింటికి వస్తే వీడూ వాళ్ళతో వెళ్ళొచ్చు. ఒక్కరోజు తప్పినా కష్టం."

అమ్మ నాన్న వైపు చూసింది. వారమంతా ఆమెకి సాయంత్రం డ్యూటీలే. అన్నయ్యకి పరీక్షలు. నాన్నని ఏ లిఫ్టు ఎప్పుడు పిలుస్తుందో ఎవరికీ తెలియదు.

"నేను తీసుకొస్తాను," అంది అక్క.

"ఫైనల్ ముందు వారం కదే. నీకు రోజూ ప్రాక్టీసు ఉంటుంది," అన్నాడు అన్నయ్య.

"తెలుసు."

సోమవారం స్కూల్లో అక్క కోచ్ మేడమ్‌కి జరిగిందంతా చెప్పింది. మేడమ్ నడుం మీద చేతులు పెట్టుకుని విన్నారు.

"ఈ సంగతి మొదట్లోనే చెప్పి ఉంటే శనివారాలు నువ్వు ఆలస్యంగా వచ్చినా సర్దుకునేదాన్ని," అన్నారు. "ఇప్పుడు వారం మొత్తం రానంటున్నావు. ప్రాక్టీసు చేసినవాళ్ళనే ఆడించాలి. ఫైనల్‌కి పొడుగమ్మాయి గోల్‌లో ఉంటుంది. నువ్వు బెంచీ మీద ఉండు."

అక్క నీళ్ళు నమలలేదు. "సరే మేడమ్," అంది. అని బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని క్లాసుకి వెళ్ళింది.

ఆ ఐదు రోజులూ వీధి మలుపులో ఇద్దరూ ఎడమకే తిరిగారు. దారిలో అక్క ప్రార్థనలో ఒక వాక్యం చెబితే, బుడ్డోడు రెండు చెప్పేవాడు, ఒకటి సరిగ్గా, ఒకటి సొంతంగా కల్పించి. "దేవుడికి నీ కవిత్వం వద్దురా, ఉన్నది ఉన్నట్టు చెప్పు," అని అక్క వాడి నెత్తి మీద మొట్టేది. గురువారానికి తడుముకోకుండా వచ్చేసింది. శుక్రవారం వాడు దాన్ని గెంతుతూ చెప్పాడు. సిస్టర్ కూర్చోబెట్టి మళ్ళీ చెప్పించారు.

శనివారం పొద్దున బుడ్డోడు ఎవరినీ ముందుకి పంపలేదు. గబగబా లోపలికెళ్ళి, నవ్వుతూ బయటికొచ్చాడు.

"ఏడో నంబరు ఏం చేశావు?" అంది అక్క.

"కొట్టేశాను. నువ్వే మొత్తం చెప్పేశావుగా, నాకేం మిగల్లేదు."

తర్వాత అక్క కూడా ఆ గదిలోకి వెళ్ళింది. లోపల ఏం చెప్పిందో నన్ను అడక్కండి. అలాంటివి అడగకూడదు.

సాయంత్రం ఫైనల్‌లో వాళ్ళ జట్టే ఒక్క గోల్ తేడాతో గెలిచింది. పొడుగమ్మాయి రెండు బంతులు బ్రహ్మాండంగా ఆపింది. అక్క చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టింది. అమ్మ డ్యూటీ నుంచి ఫోన్ చేసి, "ఎలా ఉందే?" అంటే, "గెలిచాం అమ్మా. నాకు మాత్రం కుళ్ళుగా ఉంది. ఏడుపొస్తోంది," అని చెప్పింది. అమ్మ ఫోన్ పెట్టకుండా చాలాసేపు మాట్లాడింది.

ఇక ఆదివారం. తెల్ల చొక్కాలో బుడ్డోడు చేతులు జోడించుకుని ఎంత బుద్ధిగా నడిచాడంటే, వాడు మా బుడ్డోడేనా అని అన్నయ్య వంగి వంగి చూశాడు. సత్ప్రసాదం తీసుకుని వెనక్కి తిరిగినప్పుడు వాడి ముఖం చూసి అమ్మ ఏడ్చింది, నాన్న ఏడవనట్టు నటించాడు.

మధ్యాహ్నం ఇల్లంతా చుట్టాలు. ముందు రోజే దిగిన నానమ్మ పెద్ద కేకు తయారుచేసింది. దాని మీద క్రీముతో రెండు గులాబీలు. నానమ్మ చాకుతో జాగ్రత్తగా ఒక గులాబీ ఉన్న ముక్క కోసి, ప్లేటులో పెట్టి, అందరికీ వినబడేలా అంది.

"ఇది నా మనవరాలికి! అక్కంటే ఇలా ఉండాలి. వారమంతా ఆటలు మానుకుని తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్ళిందట. దగ్గరుండి ప్రార్థన నేర్పిందట!"

అత్తయ్యలు, బాబాయిలు అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ, నాన్న ఒకరినొకరు చూసుకున్నారు గానీ ఏమీ అనలేదు. నానమ్మ చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు మరి. ప్లేటు అందుకుని థాంక్స్ చెబితే చాలు, అక్కడితో అయిపోతుంది.

అక్క ప్లేటు అందుకోలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"అంతే కాదు నానమ్మా. అంతకుముందు మూడు వారాలు వాడి క్లాసు మానిపించింది కూడా నేనే. సిస్టర్‌కి అబద్ధం చెప్పాను. నా వల్లే వాడికి ఇదంతా తప్పిపోయేది."

గదిలో చప్పట్లు ఆగిపోయాయి. నానమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని మనవరాలిని కాసేపు చూసింది. చాకు కింద పెట్టి, ఆమెని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"మరి ఈ గులాబీ ఎవరికిద్దాం?" అంది.

"నాకు!" అని బుడ్డోడు ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. అక్కకి సగం ఇస్తాడేమోనని అందరూ చూశారు. అబ్బే! గులాబీ మొత్తం ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బిపోయాయి. అలాగే, క్రీము నిండిన నోటితో, అక్క చెయ్యి పట్టుకుని ఊపుతూ అన్నాడు.

"అక్కా, ఇంకా ఏమైనా చెప్పాల్సినవి ఉంటే చెప్పెయ్యి. ఇంకో గులాబీ ఉంది!"